తీగకు గుచ్చిన చీటీ

ఐదింటికి తౌఫీక్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్ణుంచి జైలుకు పంపుతారు. హత్య కేసులో లోపలికి పోయినవాడు ఎప్పుడు బయటికొస్తాడో ఎవడూ చెప్పడు. ఇప్పుడు టైము మూడు కావడానికి పది నిమిషాలు తక్కువ.

కర్నెవారి గ్రంథాలయం గేటు దగ్గర సాంసన్ ఆటో దిగాడు. పొద్దున మొదటి బస్సుకు గద్వాల పోయి, చనిపోయిన పిల్ల అక్కడ తిరగేసిన పాత పత్రికలు చూసుకొని, మళ్లీ వనపర్తికి వచ్చిన మనిషి. ఇంకా అన్నం ముట్టలేదు.

మెట్ల మీద ఇద్దరు తల్లులు ఒకరికొకరు వీపు తిప్పి కూర్చున్నారు. ఒకామె నూరున్నీసా, ఈ గ్రంథాలయంలో పనిచేసే తౌఫీక్ తల్లి. సాంసన్‌ను ఈ పనికి పెట్టుకున్నది ఆమే. రెండో ఆమె ఎస్తేరమ్మ. మంగళవారం ఈ గ్రంథాలయంలో చనిపోయిన నిరోష ఆమె కూతురు. నిన్న అయిజలో బిడ్డను పూడ్చిపెట్టింది. బిడ్డ సంచి ఇస్తారంటే ఇవాళ వచ్చింది.

"సాబ్, మా తౌఫీక్..." నూరున్నీసా లేవబోయింది.

"కూసో."

"కూసుంటది, ఎందుకు కూసోదు," అంది ఎస్తేరమ్మ ఇటు తిరగకుండానే. "కొడుకు పాణంతోని ఉండె. జైలు కాడికి పోయి మొకం జూసొస్తది. నాకు సంచి ఇస్తరంట, సంచి."

"నా కొడుకు చీమను గూడ చంపడమ్మా."

"నా బిడ్డ చీమ గాదు."

సాంసన్ ఇద్దర్నీ దాటుకొని లోపలికి పోయాడు. ఓదార్చడం అతనికి రాదు, వచ్చినా చేసేవాడు కాదు.

ముప్ఫై ఏళ్లు కోర్టు రికార్డు గదిలో పనిచేశాడు సాంసన్. అక్కడ నేర్చుకున్నది ఒకటే. కాగితానికి కాళ్లుండవు. ఉండాల్సిన చోట లేదంటే ఎవరో తీశారు, ఉండకూడని చోట ఉందంటే ఎవరో పెట్టారు. రిటైరై కేసులు చూడటం మొదలుపెట్టాక కూడా ఎవరు చంపారని ఎవర్నీ అడగలేదు. ఆ కాగితం మీద ఆఖరి చెయ్యి ఎవరిదని అడిగేవాడు.

శవం దొరికిన గదిని బౌండు గది అంటారు. పాత పత్రికలను ఏడాదికొక వాల్యూముగా కుట్టి, అట్ట వేసి, ఇనుప అరల్లో పెట్టిన గది. నేల మీద సుద్దగీత అట్లాగే ఉంది. మూలన టేబులు మీద కంప్యూటరు. ఆ టేబులు అంచున సీఐ శంకరయ్య కూర్చొని కాలు ఊపుతున్నాడు. పక్కన చేతులు కట్టుకొని గ్రంథాలయాధికారి వెంకట్రాములు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. వలస కూలీల బతుకుల మీద ఆయన రాసిన 'తట్ట మోసిన దారి' కాలేజీ పిల్లలకు పాఠం. పై వారమే ఆయనకు సన్మానం.

"రా రా, రికార్డు రూము దొర," అన్నాడు శంకరయ్య. "ఈసారి ఎవల బీరువాల వెతుకుతవ్?"

"మీ బీరువాకు తాళమేసి వచ్చిండ్రా సార్?"

కాలు ఊపడం ఆగింది. పన్నెండేళ్ల కింద ఒక కేసు ఫైలు పోయిందని శంకరయ్య కోర్టుకు రాసిచ్చాడు. సాంసన్ ఆ ఫైలును శంకరయ్య బీరువాలోంచే తీసి జడ్జి ముందు పెట్టాడు. ప్రమోషను ఆరేళ్లు ఆగింది. ఇద్దరూ మరిచిపోలేదు.

"ఐదింటి దాంక నీ ఇష్టం," అన్నాడు శంకరయ్య. "చూస్కో. నీకు దొరికేది నాకు ముందే దొరికింది. మంగళవారం రెండున్నరకు తౌఫీక్ బస్టాండుకు పార్సిల్ ఇచ్చొస్తనని బయటికి పోయిండు. వెనక తలుపు నుంచి మల్ల లోపలికొచ్చిండు. మూడు గంటలప్పుడు ఆ అట్టలు అదిమే ఇనుప దిమ్మెతోని నెత్తి మీద రెండు దెబ్బలు. ఆడికెళ్లి బస్టాండుకు పోయి పార్సిల్ ఇచ్చిండు. మూడు నలభైకి ఏం ఎరగనట్టు వచ్చి, వాచ్‌మన్ జాన్‌ను ఎంబడేసుకొని శవాన్ని చూసిండు."

"ఎందుకు చంపిండు?"

శంకరయ్య కొన్ని కాగితాలు విసిరాడు. నిరోష ఈ కంప్యూటరులో, తన పేరుతో వెతికిన మాటల ప్రింటు. చివరి మూడింటి కింద ఎర్రగీత ఉంది. రెండు నలభై ఒకటి, రెండు నలభై ఏడు, రెండు యాభై మూడు.

మొదటిది: గ్రంథాలయంలో పనిచేయు తౌఫీక్ అను వ్యక్తి నన్ను వేధించుచున్నాడు, ఎవరికి ఫిర్యాదు చేయవలెనో దయచేసి తెలుపగలరు.

రెండోది: ఒంటరి స్త్రీని వేధించు వారికి చట్టములో గల శిక్ష ఏమి, తెలుపగలరు.

మూడోది: తౌఫీక్ వలన నాకు ప్రాణభయము కలదు, ఏమి చేయవలెను.

"పీహెచ్‌డీ పిల్ల," అన్నాడు శంకరయ్య. "భాష చూడు, ఎంత మంచిగున్నదో."

సాంసన్ ఎర్రగీతలను వదిలేసి వెనక పేజీలు తిప్పాడు. నాలుగు పేజీలు, ఐదు రోజులు, నూట పద్దెనిమిది వెతుకులాటలు. ఒక్కో పేజీనీ వేలు పెట్టి చదివాడు. శంకరయ్య రెండుసార్లు ఆవులించాడు.

"ఈ పిల్ల ఎట్ల వెతుకుతదో చూసిండ్రా సార్?"

"గూగుల్‌ల కొడ్తది. అందరు గట్లనే కొడ్తరు."

"అందరు గట్ల కొట్టరు. 'తట్ట దించిన చోటే మా ఊరు.' ఈ మాటకు ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెట్టింది. గట్ల పెడితే ఆ మాటలు అదే వరసల ఉన్న చోటే చూపిస్తది, మిగతయి చూపియ్యది. దాని పక్కన వెంకట్రాములు అని రాసి, పేరు ముందు చిన్న గీత కొట్టింది. అంటే ఈయన పేరున్నయన్ని పక్కకు తియ్యుమని. దాని కింద ఏండ్లు: తొంభై ఐదుకు ముందువి మాత్రమే. నూట పద్దెనిమిదిట్ల ఒక్కటి గూడ ప్రశ్న గాదు. ఒక్కటి గూడ ఆరు మాటలు దాటలే. చెప్పిందే మల్ల చెప్పలే. గసోంటి పిల్ల ఆఖరి పావుగంటల మిషనుకు అర్జీ పెట్టుకుంటదా?"

"భయపడ్డది. భయపడ్డోళ్లు ఎట్లయిన రాస్తరు."

వెంకట్రాములు గొంతు సవరించుకున్నాడు. "ఆడపిల్ల మనసు మనం అంచనా వేయలేం కదా, సాంసన్ గారూ."

"మీరు గారు అనకుండ్రి సార్. నేను పదో తరగతి ఫెయిలు. పిల్ల నోట్‌బుక్కేది?"

నోట్‌బుక్కు ఎస్తేరమ్మకు ఇవ్వాల్సిన సంచిలోనే ఉంది. శంకరయ్య పైపైన తిప్పి పనికిరాదని పెట్టేశాడు. సాంసన్ తీసి చూశాడు. ప్రతి పేజీకి నాలుగు గళ్లు: ఏం వెతికాను, ఎక్కడ వెతికాను, ఏం దొరికింది, ఏం దొరకలేదు. నాలుగో గడే ఎక్కువ నిండింది. దొరకనిదాన్ని కూడా రాసిపెట్టుకునేవాళ్లను సాంసన్ ముప్ఫై ఏళ్ల నౌకరీలో ఇద్దర్నే చూశాడు. రాసుకోనివాళ్లు ఒకే గోడకు పదిసార్లు తల కొట్టుకుంటారు.

'మెట్టనేల' వారపత్రిక, 1988. వనపర్తి కాపీలో పేజీలు లేవు. గద్వాల కాపీలో లేవు. నాగర్‌కర్నూల్ కాపీలో లేవు. దాని కింద ఆ పిల్ల రాసుకుంది: 'పేజీని వెతకడం ఆపాలి. పేజీని చదివినవాళ్లను వెతకాలి.'

మంగళవారం రెండూ పదికి రాసిన వరస చివరిది. 1989 నాటి ఒక చర్చి మాసపత్రికను ఎవరో స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. అందులో ఒక పాస్టరు రాసిన వాక్యం: 'మెట్టనేల పత్రికలో అయిజ కృష్ణయ్య అన్నట్టు, తట్ట దించిన చోటే మా ఊరు.' దాని కింద నిరోష రెండు గీతలు కొట్టి, 'నాన్న' అని రాసింది. ఇంకా కింద: 'మెట్టనేల 88, చివరాకు చూడాలి. ఏడాది సూచిక.'

సాంసన్ నోట్‌బుక్కు మూసి అరల వైపు చూశాడు. మెట్టనేల 1988 తన చోటులో తాను ఉంది. 87కూ 89కీ మధ్య, వీపు బయటికి.

"ఈ వాల్యూము ఇక్కడ పెట్టిందెవరు సార్?" వెంకట్రాములును అడిగాడు.

"అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది."

"రెండుంబావుకు పిల్ల చేతుల ఉండె గద."

"నేను ఒకటిన్నరకే భోజనానికి ఇంటికి వెళ్లాను. నిద్రపోయాను. నాలుగింటికి ఫోను వస్తే లేచాను. సీఐ గారికి అదే రాసిచ్చాను."

"మంచిది," అన్నాడు సాంసన్. బయటి గదిలో ఉన్న కౌంటరు దగ్గరికి పోయాడు. శంకరయ్య వెనకాలే వచ్చాడు, నమ్మి కాదు, కనిపెట్టుకొని ఉండటానికి.

ఈ గ్రంథాలయంలో వాల్యూము కావాలంటే చీటీ రాయాలి. వాల్యూము తీసిన ఖాళీలో ఒక చెక్క పెట్టి, దానికి ఆ చీటీని తగిలిస్తారు. వాల్యూము తిరిగొచ్చాక చెక్క తీసేసి, చీటీని కౌంటరు మీద నిలబెట్టిన ఇనుప తీగకు గుచ్చుతారు. తీగ కొన పైకి ఉంటుంది. ముందొచ్చింది కిందికి, తర్వాతొచ్చింది పైకి. మధ్యలోది తీయాలంటే పైవన్నీ తీయాలి.

సాంసన్ తీగను ముట్టుకోకుండా వంగి చూశాడు. అన్నిటికంటే పైన ఉన్న చీటీ నిరోషది. మెట్టనేల 1988, తీసుకున్న టైము రెండుంబావు. తిరిగిచ్చిన టైము గడి ఖాళీ. దాని కింద ఉన్నది ఒక ఉర్దూ పత్రిక వాల్యూము చీటీ. చోటే మియా పేరు. తిరిగిచ్చిన టైము మూడూ ఐదు.

"మియా సాబ్‌ను పిలువుండ్రి."

రోజూ వచ్చి చదువుకుని మూడుంబావు బస్సుకు ఆత్మకూరు పోయే ముసలాయన చోటే మియా. ఇవాళ సాక్షిగా సీఐ వరండాలో కూర్చోబెట్టాడు. చెవులు సరిగా వినపడవు.

"మంగళవారం ఈ చీటీ ఎవరు గుచ్చిండ్రు మియా సాబ్?" సాంసన్ గట్టిగా అడిగాడు.

"అరవకు సాబ్, ఎడమ చెవు మంచిదే. నేనే గుచ్చిన. కౌంటర్ల ఎవ్వరు లేరు. వాల్యూము బల్ల మీద పెట్టి, టైము రాసి, గుచ్చి పోయిన. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న, నాకు తెల్వదా?"

"అప్పుడు పైన ఇంకో చీటీ ఉండెనా?"

"లేదు. ఉంటే దాని మీదికెళ్లి గుచ్చుత గద. కిందికి ఎట్ల పోతది?"

"తర్వాత?"

"ఆటో ఎక్కిన. మూడూ పదికి బస్టాండ్ల దిగిన. తౌఫీక్ పార్సిల్ లైన్ల నిలబడ్డడు, ముంగట ఇద్దరుండ్రి. సలాం కొట్టిండు. బస్సు కదిలే దాంక ఆడనే ఉండె."

శంకరయ్య మొహం బిగుసుకుంది. లెక్క అతనికీ వచ్చు. మూడూ ఐదు తర్వాత ఎవరో నిరోష వాల్యూమును అరలో పెట్టి, చెక్క తీసి, చీటీ గుచ్చారు. ఆటోలో పోయిన మియా చేరేసరికే తౌఫీక్ బస్టాండు లైనులో ఉన్నాడు. పార్సిల్ రసీదు మీద మూడూ ఇరవై రెండు.

"మూడు నలభైకి వచ్చినంక గుచ్చి ఉంటడు," అన్నాడు శంకరయ్య.

సాంసన్ గేటు దిక్కు చూసి జాన్‌ను పిలిచాడు. జాన్ వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకొని.

"తౌఫీక్ వచ్చినంక కౌంటరు కాడికి పోయిండా?"

"లేదు సార్. గాలి లేసింది, కిటికీలు ముయ్యాలని ఇద్దరం ఒక్కసారే వచ్చినం. సీదా బౌండు గదికే పోయినం. పిల్లను చూసి ఆయన ఆడనే కూలబడ్డడు. నేను తలుపుల నిలబడ్డ. మీ పోలీసోళ్లు వచ్చే దాంక ఎవ్వర్ని కదలనియ్యలే."

"చీటీ ఒక్కదాని కోసం కేసు తిప్పమంటవా?" శంకరయ్య గొంతు తగ్గించాడు. "రిమాండ్ రిపోర్టు టైపయింది. నా పరువేమైతది?"

"పన్నెండేండ్ల కింద గూడ గిదే అడిగిండ్రు సార్."

"నాతోని పెట్టుకోకు సాంసన్."

"మీతోని ఏం పెట్టుకుంట? ఒక్క వాల్యూము దించనియ్యుండ్రి. మీ చేత్తోనే దించుండ్రి."

టైము మూడు నలభై. శంకరయ్య గ్లవ్సు తొడుక్కొని మెట్టనేల 1988 దించి టేబులు మీద పరిచాడు. ఇరవై నాలుగు చోట్ల పేజీలు లేవు. బ్లేడుతో కుట్టు వెంబడి నీటుగా కోసిన మిగుళ్లు. పాత కాగితం రంగు సాంసన్‌కు బాగా తెలుసు. ఆ మిగుళ్ల అంచులు చాయ్ మరకలా నల్లబడ్డాయి. ఏళ్ల కింద కోసినవి. పొద్దున గద్వాలలో చూసినవి కూడా అట్లాంటివే. నాగర్‌కర్నూల్‌లో ఉన్నవాళ్లు ఫోనులో లెక్కపెట్టి చెప్పారు, అక్కడా ఇరవై నాలుగే.

సాంసన్ చివరాకు దగ్గరికి వచ్చాడు. అది కోసింది కాదు, చింపింది. అంచు తెల్లగా ఉంది.

"ఇది పాతది గాదు సార్. రెండు దినాలది. ఏడాది చివర ఎవరేం రాసిండ్రో పేర్లతోని అచ్చేసే సూచిక ఇది. పేజీలు కోసినోడు సూచికను మరిచిపోయిండు. పిల్ల మరవలే. చంపినోడు పిల్ల చేతిలకెళ్లి వాల్యూము గుంజుకొని, ఆకు చింపి, వాల్యూమును చోటుల పెట్టిండు, మీరు దీన్ని తెరవొద్దని. చెక్క తీసేసరికి చీటీ చేతులకొచ్చింది. బయటోడైతే జేబుల పెట్టుకుంటడు, లేకుంటే నములుతడు. వీడు తీసుకపోయి తీగకు గుచ్చిండు. ఎందుకు? నలభై ఏండ్ల సంది చేతికి అలవాటు. మనిషిని చంపొచ్చు గాని చీటీ గుచ్చకుండ వాల్యూము అరల పెట్టరాదు."

ఎవరూ వెంకట్రాములు వైపు చూడలేదు. చూడకపోవడమే ఆయనకు ఎక్కువ బాధ పెట్టింది.

"నా మీద అనుమానమా?" అన్నాడు. "నేను ఇంట్లో నిద్రపోతున్నాను. సీఐ గారూ, ఇది అన్యాయం."

"ఛీ, మీ మీద ఎందుకు సార్," అన్నాడు సాంసన్. "జర ఒక్క సాయం చెయ్యుండ్రి. పొద్దుటికెళ్లి తిరిగి తిరిగి తల తిరుగుతుంది. అయిజకు ఆఖరి బస్సు ఎన్నింటికో ఈ డబ్బాల చూసి చెప్పుండ్రి. ఎస్తేరమ్మను పంపాలె. నాకు ఇది రాదు."

వెంకట్రాములు తేలికపడ్డాడు. తెలిసిన పని అడిగితే మనిషి తేలికపడతాడు. కంప్యూటరు ముందు కూర్చొని, కళ్లద్దాలు సర్దుకొని, రెండు వేళ్లతో కొట్టాడు. శంకరయ్య ఆయన భుజం మీదుగా చూస్తున్నాడు. తెర మీద ఒక్కో మాటా వచ్చింది.

వనపర్తి నుండి అయిజకు వెళ్ళు చివరి బస్సు సమయము దయచేసి తెలుపగలరు.

శంకరయ్య టేబులు మీది ప్రింటు తీసి, ఎర్రగీత కొట్టిన మొదటి వాక్యాన్ని తెర పక్కన పట్టుకున్నాడు. వెంకట్రాములు వేళ్లు మీటల మీద అట్లాగే ఆగిపోయాయి.

"మిషనుకు గూడ అర్జీ పెట్టుకునేది మీరే సార్," అన్నాడు సాంసన్.

"ఇది... ఇలా చాలామంది రాస్తారు."

"రాస్తరు. వాళ్లకు ఈ గది వెనక తలుపు తాళంచెవి ఉండదు."

సాంసన్ తలుపు దగ్గరికి పోయి ఎస్తేరమ్మను లోపలికి పిలిచాడు. ఆమె సుద్దగీత దగ్గర ఆగింది. దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చింది. తాను ఇప్పుడు చేయబోయేది న్యాయమా కాదా అని సాంసన్ ఆలోచించలేదు. టైము నాలుగూ ఐదు.

"మీ ఆయన పేరేందమ్మా?"

"కృష్ణయ్య. పోయి ఇరవై ఏండ్లాయె. నా బిడ్డ అప్పుడు ఆరేండ్లది."

"ఏం పని చేస్తుండె?"

"కాల్వ పని. మట్టి మోసేది. రాత్రి గుడిసెల బుడ్డి దీపం దగ్గర కూసోని రాస్తుండె. పట్నం పేపరుకు పంపుతుండె. నాకు సదువు రాదు."

"నీకు సదివి వినిపిస్తుండెనా?"

"వినిపిస్తుండె. తట్ట దించిన చోటే మా ఊరు, తట్ట ఎత్తితే ఊరు లేదు. అప్పుడప్పుడు గదే అంటుండె. నాకు కోపమొస్తుండె. ఊరు లేకపోవుడేంది, అయిజ లేదా అని."

వెంకట్రాములు పుస్తకం అల్మారాలోనే ఉంది. సాంసన్ దాన్ని తీసి మొదటి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాడు. "సదువుండ్రి సార్. ఆమెకు సదువు రాదంట."

"వద్దు."

"సదువు," అన్నాడు శంకరయ్య. ఆ గొంతు ఇప్పుడు పోలీసు గొంతు.

వెంకట్రాములు చదివాడు. "తట్ట దించిన చోటే మా ఊరు. తట్ట ఎత్తితే..." ఆపేశాడు.

ఎస్తేరమ్మ ఆ పుస్తకం అట్ట మీది ఫోటోను చూసింది, ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. "ఇది మా ఆయన మాట. నీకు ఎట్లొచ్చింది?"

అప్పుడు వెంకట్రాములు లేచాడు. సిగ్గుతో కాదు. కోపంతో.

"ఎట్లా వచ్చిందా? ఎవడూ తెరవని వాల్యూములో పడి ఉంటే నేను తీశాను. ఆ తట్ట మోసేవాడి పేరుతో ఉంటే ఎవడు చదివేవాడమ్మా? చెదలు చదివేవి. నా పేరు పెట్టాను కాబట్టి మూడు జిల్లాల్లో పిల్లలు చదువుతున్నారు. మంగళవారం అదే చెప్పాను నీ కూతురికి. పై వారం దాకా ఆగు, తర్వాత మీ నాన్న పేరు ముందుమాటలో వేస్తానన్నాను. నవ్వింది. ముందుమాటలోనా అని నవ్వింది. చేతిలో ఉన్న వాల్యూము చివరాకు తెరిచి, మీరు ఇది కోయడం మరిచిపోయారు సార్ అంది. నాతో అంది. నలభై ఏళ్ల నా సర్వీసులో..."

శంకరయ్య మనుషులు ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. ఎస్తేరమ్మ ఏడవలేదు. పుస్తకం తీసుకొని కొంగులో చుట్టుకుంది. ఎవరూ అడ్డం చెప్పలేదు.

"తౌఫీక్‌ను తీసుకపోతున్న జీపును ఇటు తిప్పుండ్రి," అని శంకరయ్య ఫోనులో చెప్పాడు. తర్వాత, సాంసన్ మొహం చూడకుండా, "రిపోర్టు చింపేస్త. నీ క్లయింటుకు చెప్పుకో పో."

బయట ఆ మాట విన్న నూరున్నీసా రెండు చేతులూ పైకెత్తి దువా చేసింది. వచ్చి సాంసన్ చేతులు పట్టుకుంది. "నాకు పాణం పోసినవ్ భయ్యా. నువ్వు లేకుంటే నా ఇల్లు ఆరిపోతుండె."

సాంసన్ చేతులు విడిపించుకొని మళ్లీ లోపలికి పోయాడు. ఒకటి తేలలేదు. జీపు ఎక్కబోతున్న వెంకట్రాములును వెనక వరండాలో ఆపాడు.

"సార్, ఒక్క మాట. ఒకటిన్నరకు మీరు ఇంటికి పోయింది నిజమే. రెండూ పదికి పిల్లకు దొరికింది. రెండున్నర దాటినంక మీరు వెనక తలుపు నుంచి వచ్చిండ్రు. ఇంట్ల పండుకున్న మనిషికి ఆమెకు దొరికినట్టు ఎట్ల తెలిసింది? చంపినంక ఆమె పేరు మీద ఆ మూడు మాటలు కొట్టిండ్రు. కంప్యూటరు ఆమె పేరుతోని తెరవాలంటే పాస్‌వర్డు కావాలె. అదెట్ల తెలిసింది?"

వెంకట్రాములు పెదాలు తడుపుకున్నాడు. అతని మొహంలో మొదటిసారి ఒక ఆనందం కనిపించింది. ఒక్కడే మునగడం లేదన్న ఆనందం.

"మీరు విడిపించారే, వాడు చెప్పాడు. ఐదు రోజులుగా రోజూ సాయంత్రం చెప్పేవాడు. ఏం అడిగింది, ఏం రాసుకుంది, అన్నీ. ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానన్నాను. పదకొండేళ్లుగా టెంపరరీ కదా. మంగళవారం కూడా వాడే ఫోను చేశాడు. నా ఫోను చూసుకోండి. రెండూ ఇరవై."

సాంసన్ చూశాడు. రెండూ ఇరవై. తౌఫీక్. నలభై ఒక్క సెకన్లు.

జీపు వచ్చింది. తౌఫీక్ దిగాడు. ముప్ఫై నాలుగేళ్లవాడు, గడ్డం మాసింది, చొక్కా గుండీ ఒకటి లేదు. నూరున్నీసా పరుగెత్తి వాణ్ణి వాటేసుకుంది. సాంసన్ ఆమె కావలింత అయ్యేదాకా కూడా ఆగలేదు.

"పాస్‌వర్డు నువ్వే ఇచ్చినవా?"

తౌఫీక్ తల్లి భుజం మీది నుంచి చూశాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, ఓపిక లేక మూసుకున్నాడు.

"చంపుతడని తెల్వదు సార్. నిజంగ తెల్వదు. ఊకె పుస్తకం సంగతి అనుకున్న."

"శవాన్ని చూసినంక తెలిసింది గద."

తౌఫీక్ గుండీ లేని చొక్కాను దగ్గరికి లాక్కున్నాడు.

"రాత్రి లాకప్‌ల నేను అడిగిన. ఆమె పని ఎవలకు తెలుసని అడిగిన. తెల్వదన్నవ్. ఎందుకు?"

"వెంకట్రాములు సార్ మనిషిని పంపిండు. నోరు మూసుకుంటే బెయిలు ఇప్పిస్త, నౌకరీ పక్కా చేస్త అన్నడు. నేను చెప్పినా ఆమె తిరిగొస్తదా సార్?"

నూరున్నీసా కొడుకును వదలలేదు, కానీ ఆమె చేతుల్లో పట్టు పోయింది. మెట్ల మీద ఎస్తేరమ్మ సంచి భుజానికి వేసుకొని నిలబడి ఉంది. అంతా విన్నది. నూరున్నీసా ఆమె వైపు చూసి, చూడలేక, సాంసన్ వైపు తిరిగింది.

"భయ్యా, నువ్వు నా మనిషివి. నేను నిన్ను పెట్టుకున్న. వాడు చంపలేదు గద భయ్యా. చంపలేదని నువ్వే తేల్చినవ్ గద. ఇంక వదిలెయ్."

సాంసన్ గడియారం చూసుకున్నాడు. నాలుగు నలభై. కోర్టు ఇక్కణ్ణుంచి పది నిమిషాలు. శంకరయ్య వరండాలో నిలబడి రిమాండ్ రిపోర్టును రెండు చేతులతో పట్టుకున్నాడు, చింపడానికి.

"చింపకుండ్రి సార్," అన్నాడు సాంసన్. "సెక్షను మార్చుండ్రి, చంపినందుకు గాదు, దాచినందుకు. పేరు అట్లనే ఉండనియ్యుండ్రి."